మా కోడలు చెప్పిన మంచు పాఠం

మా కోడలు చిలుకమ్మ ఏనాడూ హిమాలయాల దిక్కు పోలేదు. మంచు అంటే మాకు తెలిసింది మాఘ మాసం పొద్దున పొలాల మీద పొగలాగా పరుచుకునేదే. ఎండ పొడ తగలగానే అదీ ఉండదు. అయినా హనుమకొండలో ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని మంచు ఎందుకు తెల్లగా ఉంటుంది, నీళ్ళ మీద ఎందుకు తేలుతుంది, ఎన్నో ఏండ్ల కిందటి గాలి దాని కడుపులో ఎట్లా దాగి ఉంటుంది అని ఆమె చెప్పినట్టు చెప్పినవాళ్ళను నేను చూడలేదు. కోడలు గనుక పొగుడుతున్నదని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. అత్తలు కోడళ్ళను ఊరికే పొగడరు. నేనైతే అసలే పొగడను. ఆ సంగతి మా వాడంతా ఎరుగుదురు.

చిలుకమ్మది ములుగు అవతల అడవి పల్లె. తండ్రి ఎండకాలం తునికాకు కోసేవాడు, మిగతా దినాలు వెదురు నరికేవాడు. చదువు కోసమని ఆ పల్లె నుంచి బస్సెక్కిన మొదటి ఆడపిల్ల ఆమె. హాస్టల్లో ఉండి పదో తరగతి అయింది, హనుమకొండలో బీయస్సీ చేసింది, ఆ పైన బీయెడ్డు. ఆమె ఉండే హాస్టలు మా వాడను ఆనుకునే ఉండేది. మా కొడుకు ఎల్లస్వామికి పిల్లను చూడడానికని అక్కడికే పోయాము. వాడు మిల్లులో ఫిట్టరు. పెండ్లి చూపుల్లో అందరు అత్తలు అడిగినట్టే నేనూ అడిగాను, వంట వచ్చునా అని.

"వచ్చు. కానీ పప్పు ఉడకకుంటే నన్ను అనొద్దు. మీ వాడ బోరు నీళ్ళల్ల సున్నం ఉన్నది," అన్నది.

ఎల్లస్వామి నవ్వాడు. పిల్ల తండ్రి భయపడి "ఊకోవే" అని గదిమాడు. నేను నవ్వలేదు, ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. ఎందుకంటే కాపురానికి వచ్చిన నాటి నుంచి పప్పు ఉడకలేదని మా ఆయన వెంకటయ్య చేత తిట్లు తింటున్నాను. మా అత్త కూడా తిట్టింది. కట్టెలు పచ్చివన్నారు, నా చెయ్యి మంచిది కాదన్నారు. తప్పు నీళ్ళదని చెప్పిన మొదటి మనిషి ఆ పిల్ల. ఇంట్లో అడుగు పెట్టగానే "ఈ పిల్ల ఖాయం" అన్నాను. మా ఆయన ఏదో అనబోయాడు గానీ నేను వినిపించుకోలేదు.

పెండ్లయిన ఏడాదికి మా వాడ ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా నౌకరీ వచ్చింది. సైన్సు అన్న మాటే గానీ ఆ బడిలో సైన్సు చెప్పడానికి ఉన్నది ఒక్క చెక్క అలమారు. దాంట్లో మూతి పగిలిన గాజు గొట్టాలు, ఎండిపోయిన సీసాలు, వాటి నడుమ బల్లుల సంసారం. ఆ అలమారుకు తాళం కూడా వేసేవారు. ఎవరు ఎత్తుకుపోతారని వేసేవారో దేవుడికే ఎరుక.

నీళ్ళు, ఐసు, ఆవిరి మూడూ ఒకటేనని పుస్తకంలో ఉంటే పిల్లలు బట్టీ పట్టి అప్పజెప్పేవారు. చిలుకమ్మకు అది నచ్చలేదు. ఒకనాడు జానీ మియా దగ్గర గిన్నెడు ఐసు ముక్కలు తీసుకుపోయి పిల్లల ముందు పెట్టింది. జానీ మియా పొద్దున రిక్షా మీద ఐసు దిమ్మలు ఇండ్లకు చేరవేస్తాడు, సాయంత్రం బండి మీద కుల్ఫీ అమ్ముతాడు. "ఇది ఎండల పెడితే ఏమైతది?" అని అడిగిందట. కరుగుతుందని తెలియనిది ఎవరికి? అందరూ ఒక్క గొంతుతో అరిచారట. "మరి ఇంత ఎండ తాగుతాంది గదా, ఆఖరి ముక్క కరిగేదాక ఆ నీళ్ళు ఎందుకు వేడెక్కుతలేవు? ఆ వేడంత ఎటు పోతాంది?" అన్నదట. గడ్డగా ఉన్నదాన్ని నీళ్ళు చేయడానికే ఆ వేడి ఖర్చయిపోతుందట. ఈ మాట నాకు అన్నం తినేటప్పుడు చెప్పింది. నేను రెండో తరగతి దాకా చదివినదాన్ని. నాకే అర్థమైందంటే ఆ పిల్లలకు అర్థం కాకుండా ఉంటుందా?

ఒక ఎండకాలం సెలవుల్లో టీచర్లకు శిక్షణ పెట్టారు. అక్కడ ఒక లెక్చరరు గోడ మీద బొమ్మలు వేసి మంచు కొండలను చూపించాడట. అక్కడి నుంచి వచ్చిన రోజు ఆమె మొఖం చూడాలి. చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉన్నది, మాట మాత్రం ఆగడం లేదు. కొండల మీద మంచు మీద మంచు పడి, కిందిది పైదాని బరువుకు నలిగి గట్టిపడి, మెల్లగా లోయలోకి జారుతుందట. హిమానీనదం అంటారట దాన్ని. మంచు పడ్డప్పుడు దాని నడుమ ఉన్న గాలి అక్కడే చిక్కుకుపోతుందట. ఇప్పటివాళ్ళు గొట్టం దించి కడ్డీలాగా ఆ మంచును పైకి తీసి, బుడగల్లోని పాత గాలిని పరీక్ష చేస్తున్నారట. బొగ్గు కాల్చిన పొగ లోకంలో ఎప్పుడు ఎంత ఉండేదో దాన్ని బట్టి తెలుస్తుందట. ఆ పొగలో ఉండే గాలి దుప్పటిలాగా భూమిని కప్పి వేడిని పోనివ్వదట. ఇట్లాగే పెరుగుతూ పోతే కొండల మీది మంచు కూడా తగ్గుతుందేమోనని పెద్ద పెద్దవాళ్ళు లెక్కలు చూస్తున్నారట.

"కాజీపేట ఇంజన్లు పొగ ఇడిస్తే ఎక్కడి కొండలో కరుగుతయా?" అని మా ఆయన ఎగతాళి చేశాడు.

"ఒక్క కాజీపేటనే కాదు మామా, లోకం మీద ఎన్ని కాజీపేటలున్నయి!" అన్నది.

అప్పటి నుంచి కెమిస్ట్రీ అంతా ఆమె ఐసు నుంచే మొదలుపెట్టేది. పాన్ డబ్బాలో సున్నం తెచ్చి నీళ్ళలో కలిపి పైన తేట తీయించేది. ఆ తేటలోకి సన్న గొట్టంతో ఊదమనేది. నీళ్ళు పాలలాగా తెల్లబడితే, "మీ ఊపిరిల ఉన్నదే బొగ్గు పొగల కూడ ఉన్నది" అని చూపించేది. పిల్లలు ఇండ్లకు వచ్చి అమ్మల సున్నపు డబ్బాలు ఖాళీ చేసేవారు. వాళ్ళ అమ్మలు నా మీదికి పంచాయితీకి వచ్చేవారు. నేను ఊరుకునే మనిషిని కాను గనుక వచ్చినవాళ్ళు వచ్చినట్టే తిరిగి పోయేవారు.

మన దేశంవాళ్ళు ఓడ మీద మంచు ఖండం దాకా పోయి వచ్చారని రేడియోలో చెప్పిన ఏడు అది. ఒంటిపూట బడులు ఇంకా మొదలు కాలేదు గానీ ఎండ అప్పుడే మాడుస్తున్నది. ఒక ఆదివారం చిలుకమ్మ బడి పెద్ద టీచరమ్మ ఇంటికి పోయి వచ్చి గడపలోనే కూర్చున్నది.

"ఏమైందే?" అన్నాను.

"ల్యాబు లేని బడికి సైన్సు టీచర్ ఎందుకని ఆఫీసుల అంటాన్రట అత్తమ్మా. రేపు సూపర్వైజర్ వచ్చి చూస్తడట. పిల్లలతోని చేయించి చూపెడ్తే పోస్టు ఉంటది. లేకుంటే ఎత్తి మగపిలగాండ్ల బడికి ఇస్తరట."

"అంటే నీ నౌకరీ పోతదా?"

"నా నౌకరీ ఎటు పోతది? నన్ను ఇంకో బడికి ఏస్తరు. పోయేది ఈ పిల్లల సైన్సు. కుట్లు నేర్పే టీచర్ పుస్తకం చదివి ఇనిపిస్తదట, అంతే."

ఆమె బాధ అదీ. జీతానికి లోటు రాదు. అయినా ఆ పొద్దు ఆమె గొంతు పూడుకుపోయింది. కాసేపటికి లేచి జానీ మియా కుల్ఫీ బండి దగ్గరకు పోయి, ఆ పూడుకుపోయిన గొంతుతోనే, "రేపు పొద్దుగాల మా ఇంటికి ఒక నిండు దిమ్మ కావాలె మియా. ఇరగొద్దు," అని చెప్పి వచ్చింది. బడి గేటు పది గంటలకు గానీ తెరవరు గనుక ఇంటికే తెమ్మన్నది. దిమ్మను పిల్లల ముందు రంపంతో నిలువునా కోయించి, పై అంచు ఎట్లా ఉంటుంది, నడి మధ్య ఎట్లా ఉంటుంది చూపించాలని ఆమె ఆలోచన.

ఇక్కడ జానీ మియా పద్ధతి గురించి చెప్పాలి. పెండ్లి ఇంటికి షర్బతు కోసం ఐసు తెస్తే దారి పొడుగునా రిక్షా గంట మోగించేవాడు. చావు ఇంటికైతే గంటకు గుడ్డ చుట్టేవాడు, దిమ్మ మీద తెల్లబట్ట కప్పేవాడు. దూరపు చుట్టాలు వచ్చేదాకా పీనుగు చుట్టూ ఐసు పెట్టడం మా దగ్గర ఉన్నదే. ఎవరు పోయారని మాత్రం అడిగేవాడు కాదు. ఇంటివాళ్ళు చెప్పకముందు అడగడం మర్యాద కాదని ఆయన లెక్క. మాలాంటివాళ్ళ ఇండ్లకు ఆ రెండు పనులకు తప్ప నిండు దిమ్మ ఎన్నడూ వచ్చింది లేదు. మా ఇంట్లో పెండ్లి లేదని మియాకు తెలుసు. మా ఆయన జ్వరంతో మంచం దిగడం లేదని, దవాఖానకు తీసుకుపోయి తెచ్చామని కూడా తెలుసు. గొంతు పూడుకుపోయిన కోడలు నిండు దిమ్మ కావాలన్నది. ఇంక ఆయన ఏం అనుకోవాలి?

తెల్లారి చిలుకమ్మ రంపం అడగడానికి వడ్రంగి ఇంటికి పోయింది. నేను దిమ్మ మీద కప్పడానికి ఊక తెద్దామని రైసు మిల్లుకు పోయాను. ఎల్లస్వామి డ్యూటీకి పోయాడు. మా ఆయన ఈగలు వాలుతున్నాయని నెత్తి నుంచి కాళ్ళ దాకా దుప్పటి కప్పుకుని, మాత్ర మత్తులో వాకిట్లో మంచం మీద పడుకున్నాడు. అప్పుడు వచ్చింది రిక్షా. గంట లేదు. దిమ్మ మీద తెల్లబట్ట.

నేను ఊక సంచి నెత్తిన పెట్టుకుని మా సందు మలుపు తిరిగేసరికి ఏడుపు వినిపించింది. మా ఇంటి దిక్కు నుంచే. పక్కింటి మొగిలమ్మ గొంతు అది. ఏడవడంలో ఆమెకు మా వాడలో పెద్ద పేరు.

"ఓ ఎంకటన్నా... నిన్న గంజి తాగితివి గదే... మా వదినను ఎవలకు అప్పజెప్పి పోతివే..."

సంచి ఎక్కడ పడిందో తెలియదు. గోడ పట్టుకుని నడిచాను. జ్వరమే గదా, తగ్గుతున్నదే గదా, మాత్ర వేసే వచ్చాను గదా అని ఇవే మాటలు నోట్లో తిరుగుతున్నాయి. వాకిలి నిండా ఆడవాళ్ళు. ఎవరో అప్పుడే బంతిపూల దండ కూడా తెచ్చారు. నన్ను చూసి అందరూ ఒక్కసారి బొబ్బ పెట్టారు. ఆ బొబ్బకు దుప్పటి కదిలింది. మా ఆయన లేచి కూర్చుని, కండ్లు నులుముకుంటూ ఆడవాళ్ళందరినీ చూశాడు.

"ఎవలు పోయిండ్రే?" అన్నాడు.

ఏడుపు టక్కున ఆగిపోయింది. మొగిలమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నది.

"నువ్వే!" అన్నాను. కోపమో సంతోషమో నాకే తెలియలేదు. "నువ్వే పోయినవట. దండ కూడ తెచ్చిన్రు, మెడల ఏసుకో!"

"ఐసు వచ్చె, తెల్లబట్ట వచ్చె, మియా గంట కొట్టకపాయె! నాకేం ఎర్క వదినా?" అన్నది మొగిలమ్మ.

"దుప్పటి తీసి చూస్తే నీ చేతులు ఇరుగుతయా?"

నవ్వుదామనుకునేలోపే ఐసు మీద కన్ను పడింది. వాళ్ళు ఊరికే ఏడ్చి ఊరుకోలేదు, పని కూడా చేశారు. చుట్టూ పెట్టడానికని బోరింగు కింద దిమ్మకు అంటిన ఊకంతా కడిగి, గడ్డపారతో పగలగొట్టి మంచం కిందికి నూకారు. నిండు దిమ్మ ముక్కచెక్కలై నీళ్ళు వాకిట్లో కాలువ కట్టాయి. అదే సమయానికి చిలుకమ్మ రంపం పట్టుకుని వచ్చింది. జానీ మియా గోడ వారకు నిలబడి టోపీ చేతిలో తిప్పుకుంటున్నాడు.

"నేనే పాగల్ గాన్ని టీచరమ్మా," అన్నాడు. "అడగకపోతిని. ఫ్యాక్టరీల ఇంకో దిమ్మ దొరకదు, పొద్దుగాల్నే అన్నీ ఎత్తిన్రు."

చిలుకమ్మ రంపం గోడకు ఆనించింది. ఏడుస్తుందేమోనని చూస్తున్నాను. మంచం కింది నుంచి ఒక ముక్క తీసి ఎండకు ఎత్తి పట్టింది. ఇంకొకటి తీసింది. ఒకటి అద్దంలాగా ఉంది, రెండోది పాలు విరిగినట్టు తెల్లగా ఉంది.

"అత్తమ్మా, కోస్తే గిదే చూపెట్టేదాన్ని," అన్నది. "ఏరుకోవచ్చు. కానీ బడి దాక ఉండాలె గదా ఇది?"

అంతే, నాకు ఊపిరి వచ్చింది. "ఏందే అట్ల నిలబడ్డరు?" అని అరిచాను. "ఏడ్వనీకి వచ్చినోళ్ళకు ఎత్తనీకి చేతులు లేవా? గోనె సంచులు తెండ్రి. మొగిలీ, సందుల నా ఊక సంచి పడ్డది, ఎత్తుకరా. అద్దం లెక్కున్నయి ఒక తట్టల, తెల్లయి ఒక తట్టల. కలిపినోళ్ళ సంగతి చెప్త!"

నా ఇంటికి ఏడవడానికి వచ్చినవాళ్ళు నన్ను ఎదిరిస్తారా? ఒక్కొక్కరు ఒక్కొక్క గిన్నె తెచ్చారు. గోనెలు చుట్టి, మధ్యలో ఊక కూరి, తట్టలు నెత్తిన పెట్టుకున్నారు. పెద్ద ముక్కలు మియా రిక్షాలో వేసుకున్నాడు. గంటకు చుట్టిన గుడ్డ పీకి పారేసి, సుబేదారి రోడ్డంతా వినిపించేటట్టు మోగిస్తూ ముందు నడిచాడు. వెనక మేము. చీరలన్నీ తడిసి నీళ్ళు కారుతున్నాయి. మా ఆయన కూడా వస్తానన్నాడు. "పోయినోడివి ఇంట్ల ఉండు," అని మంచంలో కూర్చోబెట్టి వచ్చాను.

సూపర్వైజరు రాజేశ్వర్ రావు సారు అప్పటికే వచ్చి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నెరిసిన మీసాలు, ఇస్త్రీ చొక్కా. మా మందను చూసి లేచి నిలబడ్డాడు.

"ఇది బడా, బోనాల జాతరా?" అన్నాడు.

పెద్ద టీచరమ్మకు చెమటలు పట్టాయి. చిలుకమ్మ తట్ట దించి దండం పెట్టింది. "ల్యాబు సామాను వచ్చింది సార్," అన్నది.

"ల్యాబు ఎక్కడున్నది?"

"మీరు నిలబడ్డది దాంట్లనే."

ఆయన నవ్వలేదు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు గానీ పొమ్మనీ అనలేదు. మేము వరండా కటకటాల బయట నిలబడ్డాము. చిలుకమ్మ పిల్లలకు తట్టలు అప్పజెప్పి పక్కకు జరిగి చేతులు కట్టుకున్నది. ఇంక ఆమె నోరు తెరవలేదు. నేనైతే తెరిచేదాన్ని. అంత ధీమా ఎక్కడిదో నాకు అప్పటికి అర్థం కాలేదు.

ముందుకు వచ్చింది హుసేన్‌బీ అని పదో తరగతి పిల్ల. బక్కగా, రెండు జడలతో ఉంటుంది. అద్దం లాంటి ముక్కలు ఒక గిన్నెలో, తెల్ల ముక్కలు ఒక గిన్నెలో కరగబెట్టి సారు ముందు పెట్టింది.

"రెండూ ఒక్క దిమ్మవేనా?" అన్నాడు సారు.

"ఒక్కటే సార్. పొద్దుగాల దాక," అన్నది. బయట మొగిలమ్మ తల దించుకున్నది.

"ఒక్క బోరు నీళ్ళే గదా. అయితే రెండూ ఒక్క తీరుగానే ఉండాలె."

"అట్లంటరా సార్?" అని ఆ పిల్ల ఒక సబ్బు ముక్క ఆయన చేతిలో పెట్టింది. "మీరే చూడుండ్రి."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. అద్దం ముక్కల నీళ్ళలో రుద్దితే నురగ మణికట్ల దాకా వచ్చింది. చేతులు తుడుచుకుని రెండో గిన్నెలో రుద్దాడు. నురగ లేదు, విరిగిన పాలలాగా సబ్బు తెట్టె కట్టింది. మళ్ళీ రుద్దాడు. అదే తెట్టె.

"గదే మా బోరు నీళ్ళ రోగం!" అన్నది మొగిలమ్మ బయటి నుంచి. నేను మోచేత్తో పొడిచాను.

"ఎందుకయింది?" అన్నాడు సారు.

"గడ్డకట్టేటప్పుడు నీళ్ళు నీళ్ళతోనే జట్టు కడ్తయి సార్. సున్నాన్ని, గాలిని లోపలికి నూకుతయి. ముందుగాల అంచులు గడ్డకడ్తయి, ఆఖరికి నడిమి భాగం. నూకిందంత అక్కడ్నే ఇరుక్కుంటది. గాలి బుడగలకే తెల్లగ కనవడ్తాంది. సముద్రంల కూడ అంతే సార్, గడ్డకట్టిన నీళ్ళు ఉప్పును బయటికి నూకుతయట."

తర్వాత ఇంకొక పిల్ల స్టీలు గ్లాసులో దంచిన ఐసు, రాళ్ళ ఉప్పు వేసి కలిపింది. "ఉప్పు జర ఎక్కువెయ్యి బిడ్డా," అని జానీ మియా అరిచాడు. కుల్ఫీ బండి మీద ఆయన రోజూ చేసే పనే అది. ఉప్పు కలిస్తే ఐసు మామూలు ఐసుకన్నా చల్లబడుతుందట. చూస్తుండగానే గ్లాసు బయటి పక్క చెమట పట్టింది, ఆ పైన తెల్లగా గరుకుగా పొర కట్టింది. పిల్ల గోటితో గీకి సారు అరచేతిలో వేసింది. బయట రోడ్డు మీద తారు కరుగుతున్నది, ఇక్కడ సారు చేతిలో తెల్లటి పొడి.

గ్లాసును కటకటాల నడుమ నుంచి మాకూ ఇచ్చారు. నేను వేలు పెట్టి చూశాను. వేలు అంటుకున్నది.

"కొండల మీద పడేది గిదేనా చిలుకా?" అన్నాను. ఆగలేకపోయాను.

"దీనికి అక్క అనుకో అత్తమ్మా. అది మబ్బుల్ల కడ్తది, ఇది గ్లాసు మీద కట్టింది. రెండూ గాలిల ఉన్న ఆవిరే," అన్నది. పాఠం మొదలైన తర్వాత ఆమె మాట్లాడింది ఆ ఒక్కసారే.

సారు అరచేతిలోని పొడి కరిగేదాకా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేను గంగోత్రి పోయిన. గంగ పుట్టే దగ్గర మంచు చూసిన. తెల్లగ ఉంటదనుకున్న, మసి లెక్క ఉన్నది. మా వెంట వచ్చిన గైడు ఏమన్నడో ఎర్కేనా? వాళ్ళ తాత కాలంల మంచు ఇంకా కిందికి ఉండెనట. ఎందుకు పోయిందని అడిగితే దేవుడి దయ అన్నడు. మీరేమంటరు?"

ఇది పుస్తకంలో లేని ప్రశ్న. పెద్ద టీచరమ్మ చిలుకమ్మ దిక్కు చూసింది. చిలుకమ్మ పిల్లల దిక్కు చూసింది.

హుసేన్‌బీ ఆయనను వరండా చివరికి తీసుకుపోయింది. అక్కడ ఎండలో ముందే రెండు ముక్కలు పెట్టి ఉంచారు, మొదట ఒక్క తీరుగా ఉన్నవే. ఒకదాని మీద దీపం బుడ్డి మసి చల్లారు. తెల్లది ఇంకా పిడికెడు ఉంది. మసిది ఉసిరికాయంత అయింది.

"తెల్లది ఎండను తిప్పి కొడ్తది సార్, నల్లది తాగుతది," అన్నది. "మీరు చూసిన మంచు నల్లగ ఉన్నదన్నరు గదా, అది ఒక కారణం కావచ్చు. ఇంకోటి బొగ్గు పొగ. మనం ఊదితే సున్నపు తేట తెల్లగైతది చూడుండ్రి, ఆ గాలి. అది దుప్పటి లెక్క వేడిని ఆపుతది. పాత మంచు బుడగల్ల ఆ గాలి తక్కువ ఉన్నదట, ఇప్పటి గాలిల ఎక్కువ ఉన్నదట."

"అయితే గంగోత్రి మంచు మన పొగకే పోయిందంటవా?"

ఆ పిల్ల కరుగుతున్న మసి ముక్క దిక్కు చూసింది. అందరం ఆమె నోటి దిక్కే చూస్తున్నాము. ఔను అంటే సారు మెచ్చుకుంటాడని మొగిలమ్మ నా చెవిలో గొణిగింది.

"మాకు తెల్వదు సార్," అన్నది హుసేన్‌బీ. "ఎంత మసికి, ఎంత పొగకు, ఎంత దానంతట అదే అనేది ఇంకా లెక్కలు చూస్తాన్రట. మా టీచర్ చెప్పింది, తెల్వనిది తెల్వదనే చెప్పాలె అని."

అప్పుడు అర్థమైంది నాకు, మా కోడలు చేతులు కట్టుకుని ఎందుకు నిలబడిందో.

సారు కుర్చీలో కూర్చున్నాడు. మీసం దువ్వుకున్నాడు. కిందికి చూస్తే ఆయన బూట్ల చుట్టూ ఐసు నీళ్ళు చేరాయి. కాళ్ళు మాత్రం తీయలేదు. చివరికి పెద్ద టీచరమ్మతో అన్నాడు.

"ల్యాబు లేదని రాయమని పంపిన్రు నన్ను. అలమారు పాడైందని రాస్త, ఒక మంచి అలమారు పంపమని కూడ రాస్త. సైన్సు పోస్టు మాత్రం ఈ బడి నుంచి కదలదు. ఎవలన్న కదిలిస్తమంటే నన్ను పిలవమనుండ్రి, నేను మాట్లాడ్త."

జానీ మియా బయట రిక్షా గంట మోగించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేము కొట్టవచ్చునో లేదో తెలియక ముందు ఆగాము, తర్వాత కొట్టాము.

పోయేటప్పుడు సారు చిలుకమ్మను పక్కకు పిలిచాడు. "మగపిల్లల బడిల గాజు సామానుకు లోటు లేదమ్మా. ముట్టుకున్నోడే లేడు. వచ్చే వారం నువ్వు ఒకనాడు ఆడికి పోయి ఈ పాఠం చెప్పాలె," అన్నాడు.

"నేను పోతే ఆ పూట వీళ్ళకు పాఠం ఉండదు సార్," అన్నది చిలుకమ్మ. "వాళ్ళనే ఇక్కడికి పంపుండ్రి. మా పిల్లలు చెప్తరు."

పై అధికారి మాటకు అట్లా ఎదురు చెప్పినందుకు పెద్ద టీచరమ్మ కొంగుతో మొఖం తుడుచుకున్నది. సారు మాత్రం, "మంచిది, నడిపించుకుంటూ తెస్త," అన్నాడు.

అన్నట్టే తెచ్చాడు. మరుసటి వారం మగపిల్లలు వరుస కట్టి రోడ్డు మీద నడుచుకుంటూ వచ్చారు. వాళ్ళ సైన్సు సారు కూడా వెంట వచ్చాడు. ఈసారి జానీ మియా నిండు దిమ్మ తెచ్చాడు, బడి గేటు దగ్గరకే తెచ్చాడు, ఎవరి కోసమని పదిసార్లు అడిగి మరీ తెచ్చాడు. నేను ఊక సంచితో గేటు దగ్గర నిలబడ్డాను. మగపిల్లలు వరండా కింద ఎండలో గోనెల మీద కూర్చున్నారు. మా పిల్లలు పైన నిలబడ్డారు. మీసాలు మొలుస్తున్న పెద్ద పిలగాడు ఒకడు వంగి ఐసు మీద చెయ్యి వేశాడు. హుసేన్‌బీ కర్రతో బల్ల మీద కొట్టి, "చెయ్యి తియ్యి! ముందుగాల చూడు, అడుగు, తర్వాత ముట్టుకో," అన్నది. వాడు చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.